నెరేయిదా గారి అరుగు మీద ఒకే కుర్చీ

సాంతా క్లారా, మార్చి

తాతయ్యకి నీ యామిలే ముద్దులు.

ఇక్కడ నా చదువు ఒక కుర్చీ దగ్గర ఆగిపోయింది. జూన్‌లోగా నా కెర్నల్ దారిలో పడకపోతే పట్టా రాదు. కెర్నల్ అంటే కంప్యూటర్ లోపలుండి పనులకు వంతులు వేసే పెద్ద. నీకు తెలిసేలా చెప్తాను. ఒక అరుగు, దాని మీద ఒకే కుర్చీ అనుకో. వచ్చినవాళ్లు మనూళ్లో లాగే "చివరెవరు?" అని అడిగి, ఎవరి తర్వాత తామో గుర్తుపెట్టుకుని ఎదురుచూస్తుంటారు. ఒకడు మాత్రం ఎక్కి కూర్చుని దిగడు. వాడంతట వాడే మర్యాదగా లేస్తాడని నమ్మడం నా తప్పు.

తా.క. అచ్చం మనూరి బెనిగ్నో తాత అనుకో.

గిబారా, ఏప్రిల్

యామిలే తల్లికి,

నీకెవరు చెప్పారు? నేనెవరికీ చెప్పలేదు.

నిజమే. మన వీధిలో ఒంటరిగా ఉండే నెరేయిదా గారి అరుగు మీద, ఆవిడది కాక ఇంకొక్కటే ఊగుడు కుర్చీ ఉంది. భోజనాలవగానే బెనిగ్నో ఎక్కుతాడు. తుఫాను కథ ఎత్తుకుంటాడు. దీపాలు పెట్టేదాకా ఆ తుఫాను తీరం దాటదు. నేను చివరెవరని అడిగి స్తంభానికి ఆనుకుంటాను. ఆవిడతో ఒక మాట ఉంది. ఏ మాటో రాయను. ఉపాయముంటే చెప్పు.

ఇట్లు, ఫెర్మిన్ తాత

తా.క. ఆ కర్నల్ ఎవరు? పెళ్లయినవాడా?

సాంతా క్లారా, ఏప్రిల్

తాతయ్యా,

నీ ఉత్తరం ల్యాబ్‌లో అందరికీ చదివి వినిపించాను. నా కుర్చీ మీద ఎంత కథ అల్లావు. పనులన్నీ చేసిపెట్టే మా ఒక్కగానొక్క ప్రాసెసర్‌ని ఇప్పుడు అందరం నెరేయిదా అనే పిలుస్తున్నాం.

ఉపాయం దొరికింది. గడియారం. అది గంట కొట్టగానే కూర్చున్నవాడు ఎంత మాట మధ్యలో ఉన్నా లేవాల్సిందే. కెర్నల్ వచ్చి, మాట ఎక్కడ తెగిందో రాసుకుని, తర్వాతివాణ్ణి కూర్చోబెడుతుంది. మళ్లీ వంతు రాగానే వాడు తెగినచోటే అందుకుంటాడు.

నీ యామిలే

తా.క. కెర్నల్‌కి పెళ్లేమిటి తాతయ్యా. అన్నట్టు నిన్న నెరేయిదా బాగా వేడెక్కింది. ఫ్యాన్ పెట్టి కనిపెట్టుకుని ఉన్నాం.

గిబారా, మే

యామిలే తల్లికి,

నెరేయిదా గారికి ఒళ్లు వేడిగా ఉందని చదివి నిమ్మకాయలు పట్టుకుని పరిగెత్తాను. జ్వరం లేదు. నిమ్మకాయలు తీసుకుంది.

కర్నల్ గారి సలహా ప్రకారం అలారం గడియారం కుర్చీ కింద పెట్టాను. మోగింది. బెనిగ్నో లేచిన ఊపుకి కాఫీ లాగు మీద పడింది. ఎవడ్రా ఇది పెట్టింది అన్నాడు. నేను చీటీ తీసి 'చర్చి కప్పు లేచింది' అని రాసుకున్నాను. మళ్లీ వంతులో వాడు మొదట్నుంచి ఎత్తుకోబోతే చీటీ చూపించాను. కప్పు దగ్గర్నుంచే చెప్పాడు. ఆ తుఫాను తీరం దాటడం ఊరు మొదటిసారి విన్నది. చప్పట్లు కొట్టారు.

తర్వాత నా వంతు. వెనకున్నాయనకి ఇచ్చేశాను. రోజూ ఇంతే.

ఇట్లు, ఫెర్మిన్ తాత

తా.క. కర్నల్ బ్రహ్మచారి అన్నమాట. మంచిదే. ల్యాబ్ అంటే ఎంతమంది?

సాంతా క్లారా, జూన్

తాతయ్యా,

నిమ్మకాయల మాటకి ల్యాబంతా పొట్ట పట్టుకుని నవ్వారు. కానీ నీ చివరి ముక్క నన్ను కాపాడింది. అది చదివి వెతికితే నా దగ్గరా ఒక చిన్న పని కనిపించింది. దూకుడు పనులు ముందుకు తోసుకొస్తుంటే, పాపం వంతు రాక ఆకలికి మాడుతోంది. దానికి మందు ఏమిటంటే, ఎదురుచూసినకొద్దీ దాని బరువు పెంచడం. మావాళ్లు దీన్ని వయసు పెరగడం అంటారు. అలా వయసు పెరిగినదాన్ని ఇక ఎవరూ దాటిపోలేరు.

పట్టా ఇచ్చేశారు తాతయ్యా.

నీ యామిలే

తా.క. ఆ మొహమాటపు పనికి ఫెర్మిన్ అని పేరు పెట్టాను. ఇప్పుడు రోజూ నెరేయిదా దగ్గర కూర్చుంటోంది.

గిబారా, జూలై

యామిలే తల్లికి,

పట్టా సంగతి చదివి ఏడ్చాను. తా.క. చదివి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. చివరెవరని అడగలేదు. నాకు వయసు పెరిగింది, వంతు నాది అన్నాను. అందరూ తప్పుకున్నారు. బెనిగ్నో కూడా.

కూర్చున్నాను. ఇద్దరం ఊగాం. గంట మోగింది. అందరిలాగే లేచాను.

"ఎక్కడికి?" అంది ఆవిడ.

"గంట కొట్టిందండి."

"అది వచ్చిపోయేవాళ్లకి."

లోపలికి వెళ్లి ఇంకో ఊగుడు కుర్చీ ఈడ్చుకొచ్చి వరసలో ఉన్నవాళ్లకి వేసింది. అది ఎప్పట్నుంచో ఇంట్లోనే ఉందట. మరి ఇన్నాళ్లూ వెయ్యలేదేమండీ అన్నాను.

"మీరు అడిగారా?" అంది.

అప్పుడు అడిగాను. కుర్చీ సంగతి కాదు.

ఇట్లు, ఫెర్మిన్ తాత

తా.క. మా పెళ్లి ఆగస్టులో. కర్నల్ గారిని కూడా తీసుకురా. ఆయన్ని వరసలో నిలబెట్టం.