నన్ను తిట్టని మూడు నెలలు

జనవరి 7, సోమవారం
ఫ్రాన్స్‌లోని బెజాన్సోన్‌లో మొదటి రోజు. పెర్నో గారి గడియారాల మరమ్మతు దుకాణంలో చేరాను. గడువు ఏప్రిల్ ఐదు. ఆనాటికి ఆయన ఉంచుకుంటే ఉంటాను. లేకపోతే ఉద్యోగంతోపాటే నివాస అనుమతీ పోతుంది. అమెరికాకు, ఒహాయోలోని గోదాముకు, పెట్టెలు సరిచూసే పనికి తిరిగి వెళ్ళాలి. నలభై ఆరేళ్ళ వయసులో ఇటువంటి అవకాశం రెండోసారి రాదు.

గడియారం పని నాకెవరూ నేర్పలేదు. గారేజీలో, గ్రంథాలయం పుస్తకాలు ముందు పెట్టుకుని, పంతొమ్మిదేళ్ళు నేర్చుకున్నాను. సర్టిఫికెట్ లేదు. కనుక నా పనే సర్టిఫికెట్ కావాలి.

ఇక్కడ ముగ్గురు: యజమాని పెర్నో, అరవై దాటినవారు, గడియారాల ముఖాల మీద అంకెలు దిద్దే ఒదీల్, పళ్ళచక్రాలు కోసే నోర్బేర్. ఉదయం ముగ్గురితోనూ కరచాలనం చేయాలి. అదే రోజు మళ్ళీ చేయి చాపితే, పొద్దున నేను మీ కంటికి ఆనలేదా అని ముఖం ముడుచుకుంటారు. నోర్బేర్ ముడుచుకున్నాడు. రేపటినుంచి పేర్ల పక్కన టిక్కు పెట్టుకుంటాను.

జనవరి 9, బుధవారం
పన్నెండు కొట్టగానే వీధి తలుపు మూసేస్తారు. వెనక గదిలో, పొయ్యి పక్కన, భోజనాల బల్ల. సాసేజీ, బంగాళాదుంపలు, కరిగిన జున్ను, వైను. రెండు గంటలు. ఒదీల్ వచ్చి, రండి, మీకూ పళ్ళెం పెట్టాను అంది. పని ఉందని మర్యాదగా చెప్పి, నా బెంచీ దగ్గరే శాండ్‌విచ్ తిన్నాను. ఈ లెక్కన గడువులోగా మిగతా ఇద్దరికంటే నూట ఇరవై గంటలు ఎక్కువ పని చేస్తాను. యజమాని గమనించకపోరు.

జనవరి 18, శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంట
వెనక గదిలో అరుపులు. ఒరేయ్ నోర్బేర్, అవి చేతులా చీపురుకట్టలా, మా నాన్న ఉండుంటే నిన్ను లోలకానికి వేలాడదీసేవాడు అని పెర్నో గారు. వేలాడదీయండి, ఆ గడియారమైనా సరిగ్గా నడుస్తుంది అని నోర్బేర్. చావండి గానీ, ముందు ఆ జున్ను ఇటు జరపండి అని ఒదీల్. నోర్బేర్ ఉద్యోగం పోయినట్టేనని అనుకున్నాను. నా స్థానం గట్టిపడుతుందని కూడా అనుకున్నాను. దాచుకోవడమెందుకు.

జనవరి 21, సోమవారం
నోర్బేర్ పనికి వచ్చాడు, ఈల వేసుకుంటూ.

ఫిబ్రవరి 1, శుక్రవారం
పాత నిలువు గడియారాలు రెండు పూర్తి చేశాను. లోపలి ఇత్తడి పలకలు నల్లబడి, గీతలు పడి ఉన్నాయి. నాలుగు రోజులు మెరుగు పెట్టాను. వాటిలో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. పెర్నో గారు వాటిని కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి చాలాసేపు చూశారు. చాలా శుభ్రంగా ఉన్నాయి వెండెల్ గారూ, ధన్యవాదాలు అన్నారు. భోజనాల దగ్గర మాత్రం ఒదీల్‌ను, ఇది ఏడంకెనా కొడవలా అని అడగడం గోడ ఇవతలికి వినిపించింది.

ఫిబ్రవరి 20, బుధవారం
ఈమధ్య నాకు ఫ్యాక్టరీలో చేసిన అలారం గడియారాలే ఇస్తున్నారు. వారంలో పదకొండు బాగుచేశాను. వేగం అవసరమైన చోట నన్ను నమ్ముతున్నారన్నమాట.

ఇంతవరకు నోర్బేర్ తిట్లు తిన్నది ముప్పై ఒక్కసారి. ఒదీల్ పద్నాలుగు. నేను, ఒక్కసారీ లేదు.

మార్చి 14, గురువారం
నోర్బేర్ నా బెంచీ పక్కన నిలబడి ఏదో అనబోయాడు. ఆయన్ని పని చేసుకోనీరా అంటూ పెర్నో గారు భుజం పట్టి తీసుకుపోయారు. ఎంత మర్యాదస్తుడు.

మార్చి 30, శనివారం
గదికి కొత్త పరదాలు కొన్నాను.

ఏప్రిల్ 4, గురువారం, ఉదయం పదకొండు
నన్ను ఉంచుకోవడం లేదు. పెర్నో గారు కుర్చీ వేశారు, స్వయంగా కాఫీ పోశారు. మీతో పనిచేయడం మాకు గౌరవం అన్నారు. కారణం అడిగాను. ఇటువంటి వాటికి కారణాలెందుకు లెండి అన్నారు.

అదే రోజు, మూడు గంటలు
పన్నెండింటికి వెనక గదిలోకి వెళ్ళాను, మొదటిసారి. నిలబడే అడిగాను. మూడు నెలలు మీరు తింటున్నంతసేపూ పని చేశాను, నా తప్పేమిటో చెప్పాలి అన్నాను. గొంతు పెరిగింది.

నోర్బేర్ చెప్పాడు. ఆ ఇత్తడి పలకల మీదివి గీతలు కావట. బాగుచేసిన ప్రతివాడూ సూదితో తన పేరు, సంవత్సరం లోపల గీసిపెడతాడట. పెర్నో తండ్రి, తాత, వాళ్ళకు ముందు మరో నలుగురు. నేను మెరుగు పెట్టి చెరిపేశాను. అందుకే పేర్లుండని గడియారాలు ఇచ్చారు. నిర్ణయం ఫిబ్రవరిలోనే అయిపోయింది, ఈ బల్ల దగ్గరే.

నా పుస్తకాల్లో ఆ సంగతి లేదు, అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా అన్నాను.

ఎక్కడ చెప్పమంటావయ్యా అన్నాడు పెర్నో. ఇక్కడ ఏదైనా చెప్పుకునేది తిండి దగ్గరే. రోజూ పళ్ళెం పెట్టాం. రోజూ నువ్వు ఎండురొట్టె నములుతూ మాకు వీపు చూపించావు. ఎవరితో పోట్లాడాలి, నీ వీపుతోనా?

మీరు నవ్వుతూ ధన్యవాదాలు చెప్పారు అన్నాను.

ఇంటి మనిషినైతే తిడతాం, చుట్టాన్ని ఎలా తిడతాం అంది ఒదీల్.

ఆ తర్వాత అందరం అరిచాం. ఆయన నన్ను గాడిద అన్నాడు. గోడ చాటున మాట్లాడే ముసలి పిరికివాడా అని నేనూ అన్నాను. ఒదీల్ నా పళ్ళెంలో సాసేజీ వేసి, తింటూ అరువు, చల్లారిపోతుంది అంది. కూర్చుని తిన్నాను. నేను స్క్రూడ్రైవరు పట్టుకునే తీరే తప్పని నోర్బేర్ ఫోర్కుతో చూపించాడు. నిజంగానే తప్పు. పంతొమ్మిదేళ్ళుగా తప్పు.

రెండు కావస్తుండగా అడిగాను, ఇప్పుడైనా ఉండొచ్చా అని. పెర్నో రొట్టె ముక్కలు ఏరి కుప్ప చేస్తూ, వేరే మనిషికి మాట ఇచ్చేశానయ్యా, సోమవారం చేరుతున్నాడు అన్నాడు.

జూన్ 11, మంగళవారం, డేటన్, ఒహాయో
గోదాములో నెల పూర్తయింది. సూపర్‌వైజరు నవ్వుతూ భుజం తట్టాడు. నీ పని అద్భుతం వెండెల్, వంక పెట్టడానికి ఒక్కటంటే ఒక్కటి లేదు అన్నాడు.

సాయంత్రం లాకరు ఖాళీ చేసి, తాళంచెవి అతని బల్ల మీద పెట్టి వచ్చాను.