చేయి పట్టి దిద్దించుటకు అనుమతి

గౌరవనీయులైన విద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చేతులపై తెల్లమచ్చల కారణమున స్టోరుగదికి పంపబడిన ఉపాధ్యాయురాలిని తిరిగి ఒకటో తరగతికి పంపుట గురించి.

పందొమ్మిదేళ్లుగా ఒకటో తరగతి పిల్లలకు చేయి పట్టి అక్షరాలు దిద్దించిన నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. గత ఏడాది నా వేళ్లపై తెల్లమచ్చలు వచ్చినవి. సుద్ద అనుకుని రెండు రోజులు కడిగితిని. పిల్లలూ అలాగే అనుకున్నారు. ఒక పాప "టీచర్, సుద్ద అంటింది, ఊదెయ్యనా?" అని ఊదింది కూడా.

2. ఇది బొల్లి. చర్మానికి రంగునిచ్చే కణాలను ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున దెబ్బతీయడం వల్ల వస్తుందని, అంటువ్యాధి కాదని చర్మవైద్యుడిచ్చిన ధ్రువపత్రం జతపరచడమైనది. తల్లిదండ్రులు దానిని చదివిరి. చదివి, "అంటదులెండి, కానీ మా వాణ్ణి మాత్రం వేరే టీచరు దగ్గర కూర్చోబెట్టండి" అనిరి. చేపలు తిని పాలు తాగారా అని అడిగినవారు నలుగురు. నాకు చేపలు పడవు.

3. "కొన్నాళ్లే అమ్మా, కాస్త సర్దుకోండి" అని హెడ్మాస్టరు గారు నన్ను స్టోరుగదికి మార్చిరి. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఏమిటో తెలిసింది. ఏడు నెలలుగా పాత పటాలకు, విరిగిన బెంచీలకు జాబితా రాస్తున్నాను. బెంచీలకు నాతో ఏ అభ్యంతరమూ లేదు. గోడకు అవతల నా తరగతే. పిల్లల గొంతులన్నీ వినబడతాయి. భరించడం కష్టంగా ఉంది.

4. పూతమందు, వారానికి రెండుసార్లు కాంతి చికిత్స జరుగుతున్నవి. తర్వాత ముఖం మీద కూడా వచ్చిన మచ్చ సగం తగ్గింది. వేళ్ల కొనలకు రంగు తిరిగి రావడం కష్టమని వైద్యులు ముందే చెప్పిరి. "మచ్చలు పోయిన పిదప పరిశీలించబడును" అని తమరు రాసినచో, ఎప్పటికీ వద్దన్నట్టే.

కావున ఈ చేతులతోనే నన్ను తరగతికి పంపవలసినదిగా ప్రార్థన. అనుమానమున్న తల్లిదండ్రులు కిటికీ దగ్గర నిలబడి చూడవచ్చును. దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఒకటో తరగతి టీచరు,
ప్రస్తుతం స్టోరుగది.

తా.క.: అయ్యా, ఇది ఫైల్లో పెట్టకండి. వేళ్లకు ఇక రంగు రాదు, చికిత్స ఆపేద్దామని పోయిన వారం డాక్టరు అన్నారు. ఇంకొన్నాళ్లు చేయండని బతిమాలాను. ఆశ ఉండి కాదు. ఇంట్లో నేనొక్కదాన్నే. ఆసుపత్రిలో నర్సు నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని కాంతి చికిత్స దీపం కింద పెడుతుంది. ఈ ఏడు నెలల్లో నన్ను ముట్టుకున్నది ఆవిడ ఒక్కతే.