నేను రాంగనే అగరుబత్తి ముట్టియ్యకు

అత్తమ్మా,

నేను రఘునాథపల్లికి పోతున్న. తెలంగాణ కోసం సమ్మెల ఉన్న ఆఫీసోళ్లందరం ఇయ్యాల రోడ్డు మీదనే వంటావార్పు పెట్టుకున్నం. నీకు అన్నం, పప్పు వండి పెట్టిన. పాలు చల్లారినంక తోడెయ్యి. నా చీరలు వేరే బకెట్ల నానబెట్టిన, నేనొచ్చి పిండుకుంట.

రాత్రికి నాకు కోడిగుడ్డు వండకు. దీక్షల కూసుంటే నీరసం వస్తదని మొన్న ప్రేమతోనే పెట్టినవు, కాదనలేక తిన్న. గుడ్డు, చేపలు తింటే నా చెమటల నీసు వాసన వస్తది, అది ఒంట్లనే ఉన్న జబ్బని డాక్టర్ నీ ముందటనే చెప్పిండు కదా. తానం చెయ్యక వచ్చే వాసన కాదు. రెండు పూటల చేస్తనే ఉన్న.

ఆఫీసుల నా టేబుల్ వరండాల ఉంటది, పక్కన ఎవ్వరూ కూసోరు. పోయిన వారం వంటావార్పుల మాత్రం కరుణ మేడం పిలిచి నా చేతికి గరిటె ఇచ్చింది. కట్టెల పొగల ఎవ్వరికీ ఏ వాసనా తెల్వలే. అందరి నడుమ కూసోని తిన్న.

తెలంగాణ రావాలని అందరికంటె నేనే గట్టిగ ఒర్రుతున్న. వచ్చినంక రోడ్డు మీద వండుడు బందయితది, నేను మల్ల వరండాలకే పోవాలె. అందుకే సమ్మె అయ్యేదాంక నన్ను పోవద్దనకు.

సుకన్య

మరిచిన. నేను ఇంట్లకు రాంగనే అగరుబత్తి ముట్టియ్యకు. అది దేవుని కోసం కాదని నాకెరుకే. ఇయ్యాల నా మీద పొగ వాసనే ఉంటది. జర పక్కన కూసో.