ట్రిమ్ కొట్టే ముందు

మంగళవారం

సుగుణ టీచర్ గారు ఈరోజు కొవ్వూరులోని నా రిపేరు షాపుకి లాప్‌టాప్ తెచ్చారు. బాగా నెమ్మదించింది. చెరిపేసిన ఫైళ్ల చోటును డ్రైవ్ పూర్తిగా ఖాళీ చేసుకునే ట్రిమ్ కమాండ్ టైప్ చేశాను. ఎంటర్ నొక్కబోతూ, ఎందుకో అడిగాను.

"ఇది కొడితే చెరిపినవి ఇక తిరిగి రావండి. పర్లేదా?"

ఆవిడ ముఖం పాలిపోయింది. "మా ఆయన పోయి ఏడాదండి. చర్చిలో ఆయన పాడిన పాట నిన్న పొరపాటున చెరిపేశాను. వస్తుందంటారా?"

కమాండ్ తీసేసి, చెరిపిన ఫైళ్లను వెతికే రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టాను. సాయంత్రానికి పాటలో సగమే దొరికింది. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు.

"చాలు బాబూ. పాట మొదలెట్టే ముందు ఆయన దగ్గేవారు. ఆ దగ్గు కూడా ఉంది," అన్నారు నవ్వుతూ.

ఇన్నేళ్లలో నేనెవరినీ అలా అడగలేదు. ఎవరెవరి గొంతులు పోయాయో...