తేనెటీగల పెంపకం, రెండో సంపుటం

ప్రియమైన బైండరు గారికి,

ఈ ఉదయం వాన. అయినా లైబ్రరీ గుమ్మం దగ్గర గొడుగుల స్టాండు ఖాళీగా ఉంది. వానరోజు అది ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

కారణం చెప్పాలి. ఆర్నెల్ల కిందట మీరు ఈ ఊరు వదిలి వెళ్లేముందు బైండు చేసిన ‘తేనెటీగల పెంపకం, రెండో సంపుటం’ జడ్జిగారి భార్య తీసుకెళ్లారు. చదవడానికి కాదు, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టడానికి. బరువుకు పుస్తకం వెన్ను ఊడింది. లోపల బలానికి అతికించిన చిత్తుకాగితాల్లో ఒక ప్రేమలేఖ బయటపడింది. పేరు లేదు, సంతకం లేదు. ‘మీరు లేచి వెళ్లాక ఆ కిటికీ పక్క కుర్చీలో ఇంకెవరినీ కూర్చోనివ్వాలనిపించదు’ అని ఉంది.

ఊరంతా లైబ్రరీకి రావడం మానేసి, మా లైబ్రేరియన్ పిన్నిగారి మీద పడింది. భర్త పోయిన మనిషి, నలభై దాటినా నవ్వుతూ మాట్లాడే మనిషి. ఇంకేం కావాలి? పైగా అది కాన్వెంటు రాత. ఆవిడతో సహా మా బడి వాళ్లందరం ఒకే వాలుతో రాస్తాం.

జడ్జిగారి భార్య కాగితం పట్టుకొచ్చి, “ఈ వయసులో ఇదేం పోయేకాలమమ్మా?” అన్నారు.

“మీ బల్ల ఇంకా ఊగుతోందా?” అని మాత్రం అడిగారు పిన్నిగారు.

వచ్చే శుక్రవారం లైబ్రరీ కమిటీ, జడ్జిగారే అధ్యక్షులు. ఆవిణ్ణి తీసేస్తారట.

అది రాసింది నేను. ఇవ్వలేక బుట్టలో వేశాను. మా చిత్తుకాగితాలన్నీ మీ దగ్గరికే వస్తాయని మరిచిపోయాను. అతికించేముందు మీరు చదివారా?

ఇట్లు,
కేటలాగు చీటీలు రాసే అమ్మాయి

*

ప్రియమైన మౌనం గారికి,

ఆ పేరు పెట్టి మిమ్మల్ని ఏడిపించింది నేనే కదా, ఇప్పుడు వేరే పేరు రావడం లేదు.

చదివాను. రాసిన వైపు లోపలికి తిప్పి అతికించు, చదవకు అని మా బైండింగు మేస్త్రీ మొదటిరోజే చెప్పాడు. ఆ ఒక్కసారే మాట తప్పాను. పుస్తకాలు తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా కిటికీ పక్కన కూర్చునేది నేనే. అయినా నాకే అనుకోవడానికి భయమేసింది. చింపలేను, జేబులో పెట్టుకునే ధైర్యం లేదు. అందుకని ఎవరూ ముట్టని పుస్తకం వెతికి మరీ దాచాను. బల్లకాలి సంగతి నాకేం తెలుసు!

మీరు నోరు విప్పకండి. కాగితం మీద మీ పేరు లేదు. వచ్చే నెల మొదటి ఆదివారం వచ్చి మీ నాన్నగారిని అడుగుతాను. పెళ్లయిపోతే ఎవరి మాటా మీకు తగలదు. పిన్నిగారంటారా, పెద్దావిడ, ఎలాగో నెట్టుకొస్తారు.

మీ
బైండరు

*

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం గురువారం అందింది. సంతోషించాను, అది దాచను. చివరి వాక్యం దగ్గర మాత్రం చదివిన ప్రతిసారీ ఆగిపోయాను.

శుక్రవారం పిన్నిగారు రాజీనామా కాగితం బల్ల మీద పెట్టబోతుంటే లేచి, “ఆ ఉత్తరం నాది” అన్నాను.

“గట్టిగా చెప్పమ్మా, వినబడలేదు” అన్నారు జడ్జిగారు.

రెండోసారి చెప్పడమే కష్టమైంది.

“మీ రాతలన్నీ ఒకటే. ఆవిణ్ణి కాపాడ్డానికి అంటున్నావేమో. రుజువేమిటి?”

వెన్ను ఊడినప్పుడు చిరిగిపోయి ఎవరూ చదవని చివరి రెండు వాక్యాలు నోటితో చెప్పాను. పుస్తకం తెప్పించి చూస్తే, వెన్నుకు అంటుకుపోయిన ముక్కతో సరిపోయాయి.

“ఎవరికి రాశావు?”

“అది ఆయన అడిగితే ఆయనకు చెప్తాను.”

పిన్నిగారి ఉద్యోగం నిలిచింది. నన్ను మాన్పించారు. నాన్న రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. కానీ ఈ పొద్దున నా గొడుగు దులిపి ఆరబెట్టారు.

మీరడగలేదు కానీ చెప్తున్నాను, ఆ ఉత్తరం మీకే. నా పరువు నిలబెట్టడానికైతే రావద్దు, నిలబెట్టేందుకు ఏమీ మిగల్లేదు. ఆ కుర్చీ కోసమైతే రండి. ముందు లైబ్రరీకి వెళ్లి పిన్నిగారికి క్షమాపణ చెప్పండి. మా ఇల్లు ఆ తర్వాత. నన్నిక మౌనం అని పిలవకండి.

మీ
నేను

ఆ ఉత్తరంలో ఒకటి రాయలేదు. కాన్వెంటులో నా చెయ్యి పట్టుకుని ఆ రాత దిద్దించింది పిన్నిగారే. పలకలన్నీ కలిసిపోయినా, ఏది ఎవరిదో రాత చూసి ఆవిడ ఇట్టే చెప్పేవారు.