చల్లటి టమాట చారు

చెల్లె రజితకు,

ఇక్కడ సింగపూర్‌లో, సెంబవాంగ్ ఓడల యార్డులో పొద్దుటి నుంచి వాన. ఓడకు రంగు వేసే పని ఆగింది, అందుకే రాస్తున్నాను. నీ భర్త తిరుమలేష్ చేతికిచ్చి ఉంటే చింపేసేవాడని, ఫోటో తీసి నీ ఫోన్‌కు పంపుతున్నాను.

సెలవు మీద వస్తున్నానని నీతో అన్నాడు. సెలవు కాదమ్మా. గొంతులో గడ్డ ఉంది, ముదిరిందని డాక్టర్లు చెప్పారు.

మాకూ ఆలస్యంగానే తెలిసింది. పోయిన నెల ఒక స్పెయిన్ ఓడ మరమ్మతుకు వచ్చింది. దాని వంటవాడు టీ వేళ మాతో కూర్చుని, తన దేశంలో ఎక్కడ ఏది బాగుంటుందో చెప్పేవాడు. వలెన్సియాలో అన్నం మధ్యాహ్నమే తినాలట. గలీసియాలో ఆక్టోపస్ తినాలట. తిరుమలేష్ ప్రతిదానికీ, "అన్నా, అది మింగుడు అల్కగుంటదా అడుగు" అనేవాడు.

"పండ్లు ఊడినయా ఏందిరా?" అని మేం నవ్వాం.

వంటవాడు నవ్వలేదు. మర్నాడు అండలూసియా వాళ్లు తాగే చల్లటి టమాట చారు తెచ్చిచ్చాడు. తిరుమలేష్ గ్లాసు ఖాళీ చేశాక చెప్పాడు, ఇరవై రోజులుగా గంజి తప్ప ఏదీ దిగడం లేదని.

నువ్వు మటన్ వండకు. పండిన టమాటలు, కీర, నానిన బ్రెడ్, కొంచెం నూనె కలిపి మెత్తగా రుబ్బి వడగట్టు. కారం వద్దు. రేపే హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపో. వద్దంటాడు, వినకు. ఇక్కడి డాక్టర్లు ఇచ్చిన కాగితాలు అతని సంచి అడుగున, చొక్కాల కింద ఉన్నాయి.

స్పెయిన్ ఓడ ఆదివారం వెళ్లింది. తిరుమలేష్ ఈ ఉదయం తొమ్మిదిన్నర విమానంలో వెళ్లాడు.