మంత్రి వచ్చిన రోజు ట్రాఫిక్

జెర్నేయ చెల్లెమ్మకు,

హైవేని వెడల్పు చెయ్యాలని రేపటి సభలో మన వ్యాపారుల సంఘం తరఫున నువ్వు మాట్లాడతావని తెలిసింది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని లుబ్లియానా ఆసుపత్రికి చేరేసరికి మీ నాన్న పోయారని చెబుతావట. ఆ మాట చెప్పకమ్మా. అసలు సంగతి సభలో నేనే చెబుతాను.

ఆ రోజు మంత్రి ఇక్కడి ట్రాఫిక్ చూడటానికి వచ్చే వేళకి రోడ్డు ఖాళీగా ఉంది. "ఇలా చూసిపోతే మన గోడు ఎవడు నమ్ముతాడ్రా? బళ్ళన్నీ రోడ్డెక్కించండి, నత్తల్లా నడపండి" అన్నాడు రంపపు మిల్లు స్టానే. నవ్వుకుంటూ ఎక్కించాం.

మీ నాన్నని తీసుకెళ్తున్న నీ కారు ముందు కదలని పాల లారీ నాదే. అంత్యక్రియలకి వచ్చి కూడా చెప్పలేకపోయాను. నువ్వు కిటికీలోంచి చెయ్యి ఊపడం అద్దంలో చూశాను. పలకరిస్తున్నావనుకుని నేనూ ఊపాను.

మీ పక్క పొలం అన్న